సాంచలు ఆగిన అరగంట

"చెప్ప. ఆ మాట మాత్రం నేను చెప్ప."

ప్రసన్న ఈ మాట అనడం పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లు రవీంద్ర ఓపిక పట్టాడు. నాలుగోసారికి చేతిలో ఉన్న ఛార్జరును మంచం మీదికి విసిరేశాడు.

"ఏందే నీ లొల్లి? మూడు దాటింది. నాలుగింటికి కాలేజోళ్ల మీటింగు. గా మేడమ్ ఏం అడుగుతది? ఫోన్ల పరీక్ష రాస్తున్నప్పుడు పెదవులు ఎందుకు ఆడినయ్ అంటది. జపం చేసిన మేడమ్ అను. ఒక్కటే మాట. బస్, ఖతం."

"చెప్పనన్నా."

"మరి ఏం చెప్తవ్?"

"ఏమో."

ఏమో అనే మనిషితో ఎవరు వాదించగలరు? రవీంద్ర తల పట్టుకుని గడపలో కూలబడ్డాడు. క్లాత్ మార్కెట్‌లో పార్సిళ్లు కట్టే పనికి ఆ రోజు సెలవు పెట్టి వచ్చాడు. చెల్లెలి కోసం పెట్టాడు, చెల్లెలేమో నోరు విప్పదు.

కింద సాంచలు నడుస్తున్నాయి. సూరత్ గోడాదరాలో ఆ ఇంటి కింద మరమగ్గాల షెడ్డు ఉంది. నేల అదురుతుంది, గిన్నెలు అదురుతాయి, మాట్లాడితే మాట అదురుతుంది. అందుకే ఆ ఇంట్లో మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటుంది. ఇక నిజంగా కొట్లాడితే బార్డోలీ బస్సు ఎక్కేవాడు కూడా దిగి వచ్చి అడగాలి ఏమైందని.

పద్మారాణి మంచం పక్కన కూర్చుని మగడికి గంజి తాగిస్తోంది. లక్ష్మీరాజం కరోనా వార్డు నుంచి ఇంటికొచ్చి పన్నెండు రోజులు. ఎనిమిది సాంచలను ఒక్కడే నడిపిన మనిషికి ఇప్పుడు గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ఆ చేతి మణికట్టుకు పసుపు పూసిన నూలు దారం ఉంది. దానికి ఇరవై ఒక్క ముళ్లున్నాయి.

"బిడ్డా," అంది పద్మారాణి, తల తిప్పకుండానే. "దేవుని పేరు చెప్పుకునేటందుకు సిగ్గయితుందా?"

"సిగ్గేం లేదు."

"మరి?"

"నేను నమ్మ. ఉన్నడో లేడో నాకెర్క లేదు. నమ్మనిదాన్ని నమ్మినట్టు వాళ్ల ముందర ఎట్ల చెప్పాలె?"

గంజి చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

ఆ దారం సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏప్రిల్ నెలాఖరులో లక్ష్మీరాజాన్ని ఆస్పత్రిలో చేర్చుకున్న రోజు మార్కండేయ గుడికి పోదామంటే గుడికి తాళం. మొక్కు చెప్పుకోవడానికి పూజారి లేడు. పద్మారాణి ఇంటికొచ్చి, రాఖీ పున్నమకు మగడు వేసుకునే జంజెం పోగుల్లోంచి ఒక పోగు తీసి, పసుపు రాసి, కూతురి చేతిలో పెట్టింది. యముడు పాశం వేసినా శివుణ్ణి పట్టుకుని వదలని పిల్లగాడు మార్కండేయుడు. ఆ పిల్లగాడి వంశంలో పుట్టామని చెప్పుకునే వాళ్లు ఇంకెవరిని అడుగుతారు?

"నేను ఆస్పత్రి గేటు కాడ ఉండాలె. మనసు నిలువది నాకు. నువ్వు సదువుకున్న పిల్లవు, లెక్క తప్పవు. రోజుకు వెయ్యెనిమిది సార్లు ఓం నమశ్శివాయ అను. అయినంక ఒక ముడి వెయ్యి. ఇరవై ఒక్క రోజులు."

ఇరవై ఒక్క ముళ్లు పడ్డాయి. ఇరవై రెండో రోజు లక్ష్మీరాజం ఆటో దిగాడు, దారం అతని మణికట్టుకెక్కింది. పద్మారాణికి ఇంకే రుజువూ అక్కర్లేదు. డాక్టర్లు మందులు ఇచ్చారు, నిజమే. కానీ పక్క మంచాల వాళ్లకు కూడా అవే మందులు ఇచ్చారు కదా.

"నమ్మకపోతే ఇరవై ఒక్క ముళ్లు ఎట్ల పడ్డయే?"

"నువ్వు వెయ్యమన్నవ్. ఏసిన."

పద్మారాణి ముఖం చిన్నబోయింది. ఆమె గిన్నె కింద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది. గంజి తాగింది ఆమె కాదు.

రవీంద్ర లేచి చెల్లెలి పక్కకు వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. ఆ ఇంట్లో గొంతు తగ్గిందంటే విషయం ముదిరిందన్నమాట.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. కాపీ కొట్టినవా?"

ప్రసన్న అన్న వంక చూసింది. కోపం రావాల్సిన చోట కోపం కూడా రాలేదు ఆమెకు. ఈ నెల రోజుల్లో కోపం తెచ్చుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"నువ్వేమనుకుంటున్నవ్?"

"నేనేమనుకుంటే ఏం లాభం? పదకొండు నిమిషాలు పెదవులు ఆడినయంట. మెయిల్‌ల రాసిండ్రు గదా. ఎవరితోనో మాట్లాడి జవాబులు తెలుసుకున్నవని వాళ్ల అనుమానం. రుజువైతే ఆఖరు సెమిస్టర్ మొత్తం పాయె, ఇంకో ఏడాది పరీక్షలకే కూసోనియ్యరు. అటెన్క ఏముంటది? అమ్మ పక్కకు కూసోని కండెలకు నూలు చుడుతవా?"

"సుడుత."

"సుడుతదట!" రవీంద్ర తల్లి వైపు తిరిగాడు. "ఇన్నవా? ఇరవై ఏండ్లు నువ్వు కండెలు చుట్టి దీన్ని కాలేజీకి తోలితే, మల్ల కండెలే చుడుతదట."

మంచం మీద లక్ష్మీరాజం దగ్గాడు. అందరూ మాట ఆపేశారు. ఆ ఇంట్లో ఇప్పుడు అన్ని కొట్లాటలనూ ఆపేది ఆ దగ్గే.

"దాన్ని ఇడిచిపెట్టుండ్రి," అన్నాడు లక్ష్మీరాజం. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చింది. "నా బిడ్డ కాపీ కొట్టది."

తండ్రి అలా అన్నందుకు ప్రసన్న సంతోషించాలి. ఆమె మాత్రం లేచి వంటగదిలోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

ఆ ఇరవై ఒక్క రోజుల్లో ఆమె ఎట్లా ఉందో ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరికి తీరిక? వార్డు లోపలి నుంచి ఫోను వస్తే గుజరాతీలో మాట్లాడేది ఆమే. ఆక్సిజన్ ఎంతుంది, ఇంజెక్షన్ దొరికిందా, సంతకం ఎవరు పెడతారు, అన్నీ ఆమెనే అడిగేవాళ్లు. తల్లికి చెప్పేటప్పుడు అంకెలు రెండు మూడు పెంచి చెప్పేది. మిగిలిన వేళల్లో వంట, చదువు, జపం. ఇరవై ఏళ్ల పిల్లకు ఇంట్లో అంత పెద్దరికం ఇచ్చి, మోయగలదా అని ఒక్కరూ చూడలేదు. ఈ కథ చెప్పే నాకు ఆ ఇంటి వాళ్ల మీద కోపం వచ్చేది అక్కడే.

నాలుగుకు పది నిమిషాలుందనగా రవీంద్ర కిందికి దిగాడు. షెడ్డు మాస్టరు చిరంజీవిని ముందురోజే బతిమాలుకున్నాడు. అరగంట సాంచలు ఆపితే కార్మికులందరికీ అరగంట పని పోతుంది. చిరంజీవి ఎవరినీ అడగలేదు. "లక్ష్మీరాజమన్న బిడ్డ కోసం ఆపకుంటే ఎవల కోసం ఆపుత?" అని మెయిన్ స్విచ్ లాగేశాడు.

చప్పుడు పోయింది.

ఆ నిశ్శబ్దం ఆ ఇంటికి కొత్త. నేల కదలడం ఆగిపోయేసరికి పద్మారాణికి కళ్లు తిరిగినట్టయింది. వీధిలో ఎవరో పిల్లలను పిలిచిన మాట స్పష్టంగా వినిపించింది.

ఫోనును స్టీలు డబ్బాకు ఆనించి స్టూలు మీద పెట్టారు. ప్రసన్న కింద చాప మీద కూర్చుంది. పక్కనే తల్లి. వెనక మంచం మీద దిండుకు ఒరిగి తండ్రి. రవీంద్ర గోడకు ఆనుకుని నిలబడ్డాడు, గోళ్లు కొరుక్కుంటూ.

తెర మీద ముగ్గురు కనిపించారు. ఇద్దరు సార్లు, ఒక మేడమ్. మాట్లాడింది మేడమే. ఆమె వెనక గోడకు ఒక ఫోటో, దానికి దండ. దండలో పూలు ఇంకా వాడలేదు. ఆమె కళ్లకింద నల్లగా ఉంది. ఆ ఏడాది సూరత్‌లో కళ్లకింద నల్లగా లేనివాళ్లు ఎవరున్నారు గనక?

"ప్రసన్న బేటా, వీడియోలో నీ గొంతు లేదు," అంది మేడమ్ హిందీలో. "ఏదో యంత్రాల శబ్దమే ఉంది. పెదవులు మాత్రం ఆడుతున్నాయి. ఏం మాట్లాడుతున్నావు? ఎవరితో?"

"ఎవరితోనూ కాదు మేడమ్."

"ఒక్కదానివే మాట్లాడుకున్నావా? పదకొండు నిమిషాలా?"

గోడ దగ్గర రవీంద్ర చేతులు జోడించి, చెప్పవే అన్నట్టు తల ఊపాడు.

మేడమ్ కాగితం తిప్పింది. "పరీక్షలకు ముందు కాలేజీ ఒక ఫారం పంపింది. పేరు, రోల్ నంబరు వేసి నింపమంది. మీకు ఒత్తిడి ఎంత ఉంది, ప్రార్థన మీకు బలం ఇస్తుందా, ఇలాంటివి నలభై ప్రశ్నలు. ఒకటి నుంచి ఐదు దాకా గుర్తు పెట్టాలి. నువ్వు అన్ని ప్రశ్నలకూ మూడే పెట్టావు. అన్నీ మధ్యలోదే. ఎందుకు?"

"ఆ రోజు బాపును వార్డులో చేర్చుకున్నారు మేడమ్. చదవడానికి టైం లేదు."

పక్కనున్న సారు గొంతు సవరించుకుని, వీడియో వేద్దాం అన్నాడు.

తెర నిండా ప్రసన్న ముఖం వచ్చింది. మూడు వారాల కిందటి ముఖం. జుట్టు దువ్వలేదు. కళ్లు ప్రశ్నల మీదే ఉన్నాయి, పక్కకు పోలేదు. చెయ్యి జవాబులు నొక్కుతోంది. పెదవులు ఆడుతున్నాయి. ఫోనులోంచి సాంచల చప్పుడు తప్ప ఇంకేమీ రావడం లేదు.

తెర మీది ముగ్గురికీ అది ఉత్త పెదవుల కదలికే. కానీ సాంచల మధ్య బతికినవాళ్లకు గొంతుతో పనిలేదు. ఆ చప్పుడులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. పోగు తెగిందన్నా, తిన్నవా అన్నా, పెదవులతోనే. పద్మారాణి, లక్ష్మీరాజం కొత్తగా పెళ్లయినప్పుడు నలుగురి మధ్యలో సరసాలాడుకున్నదీ, కొట్లాడుకున్నదీ ఆ భాషలోనే. ప్రసన్న కూడా కండెల బుట్ట పక్కన ఆడుకుంటూ మాటలతో పాటే దాన్నీ నేర్చుకుంది. మాస్కులు వచ్చాకే ఆ భాష మూగబోయింది. మగడు వార్డులో ఆక్సిజన్ మాస్కుతో వీడియోలో కనబడితే, పద్మారాణి ఇరవై ఒక్క రోజులూ ఆ పెదవుల కోసం వెతికి ఏడ్చింది.

ఇప్పుడు కూతురి పెదవులకు అడ్డం ఏమీ లేదు.

పద్మారాణి ముందుకు వంగి శివుడి పేరు కోసం చూసింది. ఓం అంటే పెదవులు గుండ్రమై మూసుకోవాలి. శివాయ అంటే నోరు తెరుచుకోవాలి. అవి రాలేదు. వేరేవి వచ్చాయి. మళ్లీ అవే వచ్చాయి. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

నన్ను తీస్కపో. నన్ను తీస్కపో. నన్ను తీస్కపో.

ఇరవై ఏళ్లు పెదవులు చదివిన మనిషి. పొరపాటు పడి ఉంటే ఎంత బాగుండేది!

వీడియో ఆగింది.

"పక్కన ఉన్నది మీ అమ్మగారా?" అంది మేడమ్. "అమ్మా, పరీక్ష రోజు మీరు ఇంట్లో ఉన్నారా? మీ అమ్మాయి ఏం చేస్తోందో మీకేమైనా తెలుసా?"

ప్రసన్న తల్లి వైపు తిరిగింది. తల్లి కళ్లు చూసింది. తల్లి చదివేసిందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

పద్మారాణి కొంగు తీసింది. ఆమెకు వచ్చిన హిందీ అంతా షెడ్డులో నేర్చుకున్నదే.

"భగవాన్ సే బాత్ కర్తీ థీ మేడమ్." దేవుడితో మాట్లాడుతుండేదని.

"క్యా బోల్తీ థీ?" ఏమనేదని అడిగింది మేడమ్.

"మాంగ్తీ థీ." అడుక్కునేదని.

"క్యా మాంగ్తీ థీ?" ఏం అడుక్కునేదని.

గోడ మీది పటంలో మార్కండేయుడు చూస్తున్నాడని పద్మారాణికి తెలుసు. పుట్టి బుద్ధెరిగాక దేవుడి పేరు మీద ఆమె అబద్ధమాడలేదు.

"ఉస్కే బాప్ కో మాంగ్తీ థీ. వీళ్ల బాపును ఇమ్మని అడిగింది మేడమ్." మణికట్టు దారం కనిపించేలా మగడి చేతిని పైకెత్తింది. "దేఖో. ఇక్కీస్ గాంఠ్. ఇరవై ఒక్క ముళ్లు."

మేడమ్ ఆ చేతిని చాలాసేపు చూసింది. తర్వాత వాళ్లు ముగ్గురూ గుజరాతీలో మాట్లాడుకున్నారు. చివరికి మేడమే చెప్పింది. అమ్మాయి కళ్లు తెర దాటి పోలేదు, గదిలో ఇంకెవరూ ఉన్నట్టు లేదు, పేపరు దిద్దిస్తాం, కేసు మూసేస్తున్నాం. ఫోను పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, "బేటా, నువ్వు బాగానే ఉన్నావు కదా?" అని అడిగింది.

"బాగానే ఉన్న మేడమ్," అంది ప్రసన్న.

తెర నల్లబడింది.

"గెల్చినం!" రవీంద్ర ఎగిరి గంతేశాడు. "సూసినవా? అమ్మ ఎట్ల కొట్టింది! ఆ దారం సూపిచ్చుడుతోనే మేడమ్ కరిగిపాయె. గీ మాట నువ్వే ముందుగాల చెప్తే పొద్దుగాల్నుంచి గీ లొల్లి ఉంటుండెనా?" అతను చిన్నప్పుడే చదువు మాని మార్కెట్‌కు పోయాడు. సాంచల దగ్గర నిలబడింది లేదు. వీడియోలో అతనికీ కనబడింది ఉత్త పెదవులే. "కిందికి వొయ్యి చిరంజీవన్నకు చెప్పొస్త. పాపం, అందరు ఖాళీగ నిలవడ్డరు."

అతను మెట్లు దిగిన చప్పుడు చివరి మెట్టు దాకా వినిపించింది.

గదిలో ముగ్గురు మిగిలారు.

పద్మారాణి కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. పెదవులతోనే అడిగింది, మంచం మీద కళ్లు మూసుకున్నాడనుకున్న మనిషికి వినబడకూడదని.

ఎవల కోసం అడిగినవే?

ప్రసన్న కూడా పెదవులతోనే జవాబిచ్చింది.

మొదట్ల బాపు కోసమే. బాపును ఇడిచిపెట్టు, నన్ను తీస్కపో అన్న. నువ్వు చెప్పిన మంత్రం రెండు రోజులే అన్న అమ్మా. దాంతోని బాపు ఆక్సిజన్ పెరుగలే.

అటెన్క?

అటెన్క బాపు మాట యాదికి రాలే. ఉత్తగ నన్ను తీస్కపో అన్న. అల్సిపోయిన అమ్మా. గంతే.

పద్మారాణి చెయ్యి కూతురి గడ్డం మీదే ఉండిపోయింది. కన్నీళ్లు రాలేదు. దేవుడు అడిగిందాంట్లో సగం ఇచ్చేశాడు. మగణ్ణి ఆటోలో ఇంటి ముందు దింపాడు. మిగిలిన సగం ఎప్పుడు తీసుకుంటాడు?

"కొయ్యి."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. లక్ష్మీరాజం లేచి కూర్చుని, చెయ్యి ముందుకు చాచాడు.

"ఏంది?" అంది పద్మారాణి.

"గా దారం కొయ్యి. ముప్పై ఏండ్లు సాంచలు నడిపినోన్ని. నాకు సదవరాదా పెదవులు?" ఆయాసం అతని మాటలను ముక్కలు చేస్తోంది. "వీడియోల సూసిన. ఇప్పుడు గూడ సూసిన. నా బిడ్డను బదులిచ్చి తెచ్చుకున్న పానం నాకొద్దు."

"ఏం మాటలయ్యా అవి! కోస్తే నీకేమన్న అయితే?"

"అయితే అయితది."

పద్మారాణి దారం మీద వేలు పెట్టింది. అన్నీ నేత ముళ్లే. తెగిన పోగును కలిపే ముడి. లాగిన కొద్దీ బిగుస్తుంది, విప్పడానికి రాదు. ముళ్లు వేయడం కూతురికి నేర్పిందీ ఆమే. గోటితో ఒక ముడిని గీకి చూసింది. అది కదల్లేదు. ఇంకో దాన్ని గీకింది.

అప్పుడు గూట్లోంచి పోగులు కోసే చిన్న కత్తెర తీసింది. ఒక చేతిలో మగడి మణికట్టు, ఒక చేతిలో కత్తెర. కోస్తే ఇతను పోతాడు. కోయకపోతే పిల్ల. పటం వైపు చూసింది. మార్కండేయుడు ఏమీ చెప్పలేదు.

కత్తెర నోరు తెరిచి దారాన్ని పట్టుకుంది.

"వద్దమ్మా!" ప్రసన్న అరిచింది. సాంచలు లేని ఇంట్లో ఆ కేక గోడలకు తగిలింది. రెండు చేతులతో తల్లి చేతిని పట్టుకుంది. "కొయ్యకు! బాపుకు ఏమన్న అయితది! కొయ్యకమ్మా, నీ కాళ్లు మొక్కుత!"

లక్ష్మీరాజం కూతురి ముఖంలోకి చూశాడు.

"నమ్మ అంటివి గదనే?"

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కింద చిరంజీవి స్విచ్ వేశాడు. నలభై సాంచలు ఒక్కసారి లేచాయి. నేల అదిరింది, గిన్నెలు అదిరాయి, మణికట్టు మీది కత్తెర అదిరింది. ఇక ఆ గదిలో అరిస్తే తప్ప ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు.

ఏమంటున్నవే, అని తల్లి పెదవులతో అడిగింది. ఇటు చూడు, అన్నాడు తండ్రి పెదవులతోనే.

ప్రసన్న గోడ వైపు తిరిగి, ఇద్దరికీ చదవరాకుండా చున్నీని ముక్కు దాకా లాక్కుంది. చున్నీ కింద ఆమె పెదవులు ఆడుతూనే ఉన్నాయి.